తెరుచుకోని తలుపు

ఇప్పుడు ఎవరి వీడియో గేమ్ వాళ్ళదే. ఆడేవాళ్ళ ముఖం చూసి అప్పటికప్పుడు దానంతటదే తయారవుతుంది. కాస్త విసుక్కుంటే చాలు, అందులో మూసి ఉన్న తలుపులన్నీ తెరుచుకుంటాయి.

ఒకప్పుడు గేములు తయారుచేసి పేరు తెచ్చుకున్న వకుళ, హనుమకొండలోని తన ఫ్లాట్‌లో ఒంటరిగా కూర్చుని ఒక గేమ్‌ను సొంతంగా తయారుచేసింది. ఎదురు ఫ్లాట్ స్రవంతిని టీకి పిలిచి ఆడమంది. తను వెనక కూర్చుంది. ఎవరైనా మొదటిసారి ఆడుతుంటే, తయారుచేసినవాళ్ళు నోరు విప్పకూడదు. అది ఆమె వృత్తిలో పాత నియమం.

గేమ్‌లో ఒక తలుపు దగ్గర స్రవంతి ఆగిపోయింది. ముఖం చిట్లించింది. తలుపు కదల్లేదు.

"ఇదేంది ఆంటీ, తెరుచుకుంటలేదు?"

వకుళ పలకలేదు. టీ చల్లారిపోయింది. స్రవంతి విసుగ్గా లేచి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆగింది.

"రేపు మళ్ళొస్త. దీని సంగతేందో తేలకుంటే నాకు నిద్ర పట్టది."

ఆ ఇంట్లో అలాంటి మాట వినపడి ఎన్నాళ్ళయిందో! ఆ సంతోషంలో వకుళ నోరు జారింది.

"తాళంచెవి కుండ కిందుంది బిడ్డా."

స్రవంతి వెనక్కి వచ్చి, కూర్చోకుండానే గేమ్‌లో కుండ జరిపి తలుపు తీసింది.

"గింతేనా!" అని నవ్వింది.

రేపటి మాట మళ్ళీ ఎత్తలేదు. వెళ్తూ వెళ్తూ వకుళ ఇంటి తలుపు జాగ్రత్తగా మూసింది.