చుక్కలు ఆగిన చోట

టేబుల్ మీద పరిచిన మ్యాపు ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్లు. అన్నీ బావ ఏరుకొచ్చినవే.

బావ ఎడారిలోకి వెళ్లి ఇది రెండో రోజు. తీసుకెళ్లింది ఒక్క రోజుకి సరిపడే నీళ్లు.

అక్క ఆఫీసు గదిలో వైర్‌లెస్ సెట్టు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. నిన్నటినుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. అక్కడ ఆయన గొంతు ఎండుతుంటే నాకెలా దిగుతాయి అంటుంది.

పడమటి కొండకి వెళ్తున్నానని చెప్పి వెళ్లాడు. కొండంతా జల్లెడ పట్టారు. లేడు.

మధ్యాహ్నం సెట్టు గరగరలాడింది. వెతకడానికి వెళ్లిన డ్రైవరు. బావ జీపు తూర్పు రోడ్డు పక్కన దొరికిందట. జీపుకి ఏ జబ్బూ లేదట, తిప్పితే స్టార్టయిందట. మనిషి మాత్రం లేడు. రోడ్డు వెంట నడిచిపోయి ఉంటాడు, అటే చూస్తాం, సాయంత్రానికి ఇసుక గాలి లేచేలా ఉంది అన్నాడు.

తమ్ముడు మైలురాయి నంబరు అడిగి, మ్యాపు మీద వేలు పెట్టాడు. పెట్టిన వేలు తీయలేకపోయాడు.

బావ తిరిగి చూసొచ్చిన నేలని మ్యాపుగా గీసేది తమ్ముడే. వాళ్ల భూగర్భ సర్వే పనిలో ఒక కట్టుబాటుంది. నేల పగిలి రాతి పొరలు జారిన చోటుని కళ్లారా చూస్తే, సిరాతో నిండు గీత. ఇసుక కింద ఉండే ఉంటుంది అనుకుంటే, పెన్సిలుతో చుక్కల గీత. సరిగ్గా ఆ మైలురాయి దగ్గరే నిండు గీత ఆగి చుక్కలు మొదలవుతాయి.

పోయిన వారం ఆ చుక్కల్ని గీసేటప్పుడు బావమరిది నోరు ఊరుకుందా? పదిమందిలో అననే అన్నాడు.

"చూశావా బావా, కలగన్నావా?"

అందరూ పగలబడి నవ్వారు. బావ కూడా నవ్వాడు. అసలే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. చెప్పకుండా వెళ్లి, చూసొచ్చి, ఈసారి తను నవ్వుదామనుకున్నాడు కాబోలు.

కాలు జారితే తీసుకోవచ్చు. నోరు జారితే ఏం తీసుకుంటాం?

"రోడ్డు వెంట వద్దు. ఇసుకలోకి వెళ్లండి, ఈశాన్యంగా," అన్నాడు తమ్ముడు సెట్టులో. అక్క వైపు చూడకుండా మిగతాది కూడా చెప్పేశాడు. "ఆ పగులు చూడటానికే వెళ్లాడు. నేనే ఎగతాళి చేశాను."

అక్క తలెత్తి చూసింది. మళ్లీ సెట్టు వైపు తిరిగింది. ఒక్క తిట్టు తిట్టినా ప్రాణం కుదుటపడేది.

పగులు కనిపించిన ప్రతిచోటా బావ మూడు రాళ్లు ఒకదానిమీద ఒకటి పేర్చి వస్తాడు. ఆ రాళ్లనే కట్టుకోవాల్సింది, నన్నెందుకు కట్టుకున్నాడో అని అక్క దెప్పుతుండేది.

చాలాసేపటికి సెట్టు పలికింది. మూడు రాళ్లు కనిపించాయి.

తమ్ముడు అక్కడిదాకా చుక్కల్ని సిరాతో కలిపాడు.

మళ్లీ మూడు రాళ్లు. మళ్లీ కలిపాడు. బావ ఊహ వెంట్రుకవాసి కూడా తప్పలేదు. కబురు వచ్చినప్పుడల్లా అక్క కుర్చీ అంచుకి జరుగుతోంది.

"ఉంటార్రా మీ బావ," అంది మెల్లగా.

గదిలో కిటికీ రెక్కలు కొట్టుకోవడం మొదలైంది.

"ఇక్కడ రెండే పేర్చి ఉన్నాయి," అన్నాడు డ్రైవరు. "మూడోది కింద పడుంది. పక్కన ఖాళీ నీళ్ల సీసా."

గాలికి అడుగుల జాడ చెరిగిపోయిందట. మావాళ్లు ముగ్గురున్నారు బండిలో, వెనక్కి తిప్పమంటారా అని అడిగాడు.

తమ్ముడు మ్యాపు చూశాడు. బావ పెట్టించిన చుక్కలు కూడా అక్కడితో అయిపోయాయి. ఆ పైన తెల్ల కాగితం.

పెన్సిలు తీసుకున్నాడు. తిన్నగా ముందుకి చుక్కలు పెట్టుకుంటూ పోయాడు.

"ఇంకా ముందుకి వెళ్లండి. ఏదో దిబ్బ ఉంటుంది. దాని నీడన ఉంటాడు."

సెట్టు మళ్లీ గరగరలాడింది.

"చూసి చెప్తున్నారా సార్, అనుకుని చెప్తున్నారా?"

తమ్ముడు తను పెట్టిన చుక్కల వైపు చూశాడు.

అక్క అతని చేతిలోంచి మైకు లాక్కుంది.

"చూశాడు," అంది. "వెళ్లండి."

తమ్ముడు పెన్సిలు పక్కన పెట్టి, సిరా పెన్ను మూత తీశాడు.