బస్తా ఉప్పు

సైకిలుకు ఉప్పు బస్తా కట్టుకొని ఒక మనిషి ఇబ్రహీంపట్నం చెరువు అలుగు దగ్గర దిగాడు.

అవి రజాకార్ల రోజులు. మిలటరీ వస్తుందని పుకార్లు. సరిహద్దులు మూసేశారు, ఊళ్లో ఉప్పు కనబడి నెలలైంది.

చేపలు పట్టే జట్టుకు పెద్ద గోపయ్య. అందరూ పట్టింది ఒకచోట పోసి, ఒకే బండిలో పట్నం పంపి, వచ్చింది పంచుకునేవారు. అలుగు పారినప్పుడే ఏడాది తిండి సంపాదించుకోవాలి.

“బండి అంజిలయ్య ఉన్నడా?” అని అడిగాడు కొత్త మనిషి.

“రాత్రే పట్నం పోయిండు.”

“అయ్యో, నేను డొంక తొవ్వల వచ్చిన. సరే, పట్నం తొవ్వ బందయితే చేపలేం చేస్తరు?”

గోపయ్య ఆ ఆలోచన ఎన్నడూ చేసినవాడు కాదు.

“ఇంకో తొవ్వ ఉన్నదా? ఇంకో బజారు చూసుకున్నరా? సగం పచ్చియి అమ్ముండ్రి, సగం ఈ ఉప్పేసి కుండలల్ల పెట్టుండ్రి, ఉప్పుకు పైసలొద్దు. ఒక్క బజారునే నమ్ముకుంటే మునుగుతరు.”

మాట మంచిదే. కానీ ఆ రోజుల్లో దారుల వివరం అడిగినవాడి వెనక ఏదో ఒక దండు ఉండేది.

“రజాకార్ల మనిషేమో,” అన్నాడు ముత్యాలు.

“సంగపోడేమో, ఎర్రజెండా మనిషి,” అన్నాడు నారయ్య.

“ఎవలైతేంది? మన బండోని పేరు వీనికెట్ల ఎరుక?” అన్నాడు గోపయ్య.

అనుమానం పెనుభూతం అంటారు. ఆ ఏడు అది ప్రతి ఇంట్లోనూ కాపురముంది.

“నువ్వు ఎవల మనిషివి?” అన్నాడు గోపయ్య.

“ఎవల మనిషిని కాను. నేను మీ...”

“గీ కరువుల బస్తెడు ఉప్పు ఊకెనే ఇస్తవా? ఏం విషం కలిపినవో. నడువ్ ఈడికెల్లి.”

కట్టెలు లేచాయి. ఉప్పు పూడ్చడానికి ముత్యాలు గుంత తవ్వాడు.

“ఉప్పు పారబోస్తే పాపం తగుల్తది,” అంటూ గోపయ్య భార్య మైసమ్మ అడ్డం వచ్చింది. ఎవరూ వినలేదు. ఉప్పంతా గుంతలో పోసి మట్టి కప్పారు.

ఆ మనిషి ఖాళీ బస్తా దులిపి, మడిచి సైకిలుకు కట్టుకున్నాడు.

“అంజిలయ్య వచ్చినంక అడుగుండ్రి,” అని వెళ్లిపోయాడు.

మర్నాడే మిలటరీ కదిలింది. దారులన్నీ బంద్. అంజిలయ్య పట్నంలోనే చిక్కుకున్నాడు.

వలల నిండా చేపలు. కొనే దిక్కు లేదు, దాచే ఉప్పు లేదు. ఊరంతా కుళ్లు కంపు. ఎక్కడ తప్పామో గోపయ్యకు ఎంతకీ అర్థం కాలేదు.

మైసమ్మ వెళ్లి ఆ గుంత తవ్వింది. వానకు ఉప్పంతా కరిగిపోయింది. తడి మట్టి కాస్త నాలుకకు రాసుకుంది. ఉప్పగా ఉంది, అంతే. ఆమెకేమీ కాలేదు. గట్టు మీద కూర్చుని ఏడ్చింది.

దారి తెరిచాక అంజిలయ్య బండి ఖాళీగా వచ్చింది. దిగుతూనే అటూ ఇటూ చూశాడు.

“సేటు ఏడి?”

“ఏ సేటు?” అన్నాడు గోపయ్య.

“మీరెన్నడు చూడలే గని, ఇన్నేండ్ల సంది మన చేపలు కొనే మదారు సేటు. దుకాణంల ఉన్న ఉప్పంత మీకే ఇయ్య వచ్చిండట. ఇంక ఇల్లు చేరలే. మీ దగ్గర ఉన్నడు గద అని పెండ్లాం పిల్లలు ధైర్యంగ ఉన్నరు.”