బామ్మర్దికి నాలుగు టైర్లు

ఆ ఉదయానికి రెయాల్ దుకాణంలో మిగిలినవి నాలుగే మంచు టైర్లు. కొత్తవి, చిన్న కార్లకు సరిపోయేవి. మధ్యాహ్నం దాటాక తుఫాను వస్తుందని రేడియో చెప్పినప్పటి నుంచి వాటి కోసం ఫోను మోగుతూనే ఉంది.

"అమ్మకానికి లేవు," అన్నాడు రెయాల్.

కౌంటరుకు అటువైపు నిలబడ్డ ప్లంబర్ ఓమెర్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "కళ్ళెదురుగా కనిపిస్తుంటే లేవంటావేంటి? ధర మీద ఇంకొంత వేసుకో."

"అవి మా బామ్మర్దికి."

"ఊరికే ఇస్తున్నావా? కిందటేడు టైరుకు గాలి కొట్టి నా దగ్గర డబ్బులు పుచ్చుకున్నావు."

"గాలికి కాదు, నా టైముకి."

ఓమెర్ తలుపు విసురుగా వేసుకుని వెళ్ళిపోయాడు. పదేళ్ళుగా వస్తున్న ఖాతాదారు. రెయాల్ ఆ తలుపు వైపు ఒక్క క్షణం చూసి, నాలుగు టైర్లనూ దొర్లించుకుంటూ లోపలికి తెచ్చాడు.

ఇంటివైపు తలుపు తోసుకుని గయితాన్ వచ్చాడు. కాళ్ళకు ఇంట్లో వేసుకునే చెప్పులు, చేతిలో కాఫీ. రెయాల్ భార్య లిజెట్‌కు ఒక్కగానొక్క తమ్ముడు. ఆ రోజే అడవి దారిన షిబుగమో వెళ్ళాలి. అక్కడి గని వంటశాలలో మర్నాటి నుంచి పని, బసా భోజనమూ వాళ్ళవే. తెలిసినవాళ్ళను పట్టుకుని ఆ పని ఇప్పించింది కూడా రెయాలే.

"నా బండికి టైర్లున్నాయిగా బావా," అన్నాడు గయితాన్. "అన్ని కాలాలకూ పనికొస్తాయని కొన్నప్పుడే చెప్పారు. ఆ కాలాల్లో చలికాలం లేదా?"

"ఉంది. టొరంటో వాళ్ళ మెత్తటి చలికాలం."

"చట్టం కూడా ఇంకా మొదలవలేదు. డిసెంబరు నుంచేగా మంచు టైర్లు వేసుకోమనేది."

"మంచుకి ఆ సంగతి తెలీదు. ఇలా రా."

రెయాల్ అతన్ని చెప్పులతోనే బయటికి లాక్కెళ్ళాడు. చూపించడానికే ఒక మంచు టైరు ముక్కను రాత్రంతా బయట పెట్టి ఉంచాడు. "దీన్ని గోటితో నొక్కు. దిగిందా? ఇప్పుడు నీ కారు టైరు నొక్కు."

గయితాన్ నొక్కి, వేలు విదిలించుకున్నాడు. "చెక్కలా ఉంది."

"ఆ చెక్క మీద వెళ్తానంటున్నావు. చలికి దాని రబ్బరు బిగుసుకుపోతుంది, రోడ్డును పట్టుకోదు. మంచు టైరు ఎంత చలిలోనైనా మెత్తగానే ఉంటుంది. టైరు పక్కన కొండబొమ్మ, దాన్లో మంచురేకు ఉంటాయి చూడు, ఆ గుర్తు ఉన్నదే మంచు టైరు."

"అయితే ముందు రెండు చక్రాలకే వెయ్యి. ఇంజను తిప్పేది వాటినేగా. మిగతా రెండూ ఆ ప్లంబరుకి అమ్ముకో."

"అలా వేస్తే బ్రేకు నొక్కినప్పుడు ముందు ఆగుతుంది, వెనక ఆగదు. నీకంటే ముందు నీ డిక్కీ షిబుగమో చేరుతుంది. గోతిలో పడ్డావంటే మళ్ళీ ఇక్కడికే లాక్కొచ్చి పడేస్తారు. నాలుగూ వేస్తాను."

జాకీ పెట్టి కారును లేపుతుండగా లిజెట్ మాంసం కూరిన రొట్టె పొట్లం కట్టి తెచ్చింది. కిటికీలోంచి ఆకాశం చూసింది.

"ఇవాళే వెళ్ళడం అంత అవసరమా? నల్లగా కమ్ముకొస్తోంది. ఎండలు వచ్చాక వెళ్ళొచ్చుగా," అంది.

"అక్కయ్య అన్నదీ నిజమే," అంటూ గయితాన్ ఒక స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.

"కూర్చోకు," అన్నాడు రెయాల్. "ఎండలు వచ్చేదాకా ఆ పని నీ కోసం కాచుక్కూర్చుంటుందా? వెళ్ళి బూట్లు వేసుకో."

నట్లు బిగించి, ప్రతి ఒక్కటీ రెండోసారి లాగి చూశాడు. గాలి తనే కొట్టాడు. డిక్కీలో మంచు తోడే పార, కంబళి పెట్టాడు.

"ఎంతివ్వాలి బావా?"

"ఏమీ వద్దు. ఎక్కడా ఆగకు. చేరగానే ఫోన్ చెయ్యి."

కారు మలుపు తిరిగేదాకా లిజెట్ చెయ్యి ఊపుతూనే ఉంది. తొలి మంచురేకులు అప్పుడే రాలాయి.

మూడింటికల్లా ఎదురింటి గోడ కూడా కనబడలేదు. అడవి దారిలో రెండు కార్లు జారి గోతిలో పడ్డాయని రేడియో చెప్పింది. ఏ రంగు కార్లో చెప్పలేదు. రెయాల్ రెండుసార్లు రేడియో దగ్గరికి వెళ్ళి శబ్దం పెంచాడు. ఒక గిరాకీకి చిల్లర తప్పు ఇచ్చాడు, తక్కువ కాదు, ఎక్కువే. అతని చెయ్యి అలా తప్పడం లిజెట్ పెళ్ళయ్యాక చూడలేదు.

"దారి మూసేసి వెనక్కి పంపేస్తే బాగుండు," అంది ఆమె.

రెయాల్ మొహం పాలిపోయింది.

చీకటి పడుతుండగా ఫోను మోగింది. రెయాలే ముందు అందుకున్నాడు.

"చేరాను బావా. నా ముందు కారు జారింది, వెనకది జారింది, నాది మాత్రం పట్టాల మీద రైలులా వచ్చింది. గది ఇచ్చారు. వసంతం దాకా ఇక్కడే ఉండమంటున్నారు."

"ఉండు," అన్నాడు రెయాల్. "హాయిగా ఉండు."

ఫోను పెట్టేసి గోడకు ఆనుకుని పెద్దగా ఊపిరి వదిలాడు. లిజెట్ కళ్ళు తుడుచుకుని అతని భుజం పట్టుకుంది. "వాడంటే నీకింత ప్రాణమని ఇన్నేళ్ళూ నాకు తెలీదు."

రెయాల్ తలూపాడు. మనసులోనే లెక్క చూసుకున్నాడు. నాలుగు టైర్లు పోయాయి. ఒక మంచి ఖాతాదారు పోయాడు. మంచి పార ఒకటి, కంబళి ఒకటి తిరిగి రావు. ఎటు తిప్పి చూసినా బేరం తనకే లాభం.

ముందుగదిలోకి వెళ్ళి, జూన్ నుంచి బామ్మర్ది దిగని సోఫా మీద కాళ్ళు బారజాపాడు.