రెండో బీగం

"నీళ్ళ వాల్వు పెట్టెకు రెండు బీగాలుండాలప్పా ఓబులేసూ! ఒక బీగంచెవి గెలిచినోనికాడ, ఇంగోటి ఓడినోనికాడ. ఇద్దరూ వస్తేనే పెట్టె తెరవాల. పెద్దోళ్ళు పెట్టిన కట్టడి అది," అన్నాడు పాత సర్పంచి తిమ్మప్ప. సర్పంచి ఎన్నికల్లో ఆయన ఓడిన నాటి నుంచి ఆయన వీధికి నీళ్ళు లేవు. పక్కన భార్య ఆంజినమ్మ ఖాళీ బిందెతో నిలబడింది.

కొత్త సర్పంచి ఓబులేసు పెట్టె మీది ఆంజనేయుని పటం ముందు కర్పూరం వెలిగించాడు.

"పోయినసారి నువ్వు గెలిచినాక నా బీగం కోసినోడు ఎవరన్నా? 'జనం నన్ను నమ్మినాక నీ బీగం ఎందుకు' అంటివి కదా. ఎండాకాలమంతా మా వీధోళ్ళు పెన్న ఇసకలో చెలమలు తవ్వుకున్యారు."

"తప్పేలే. మళ్ళీ రెండో బీగం పెట్టప్పా."

"ఈ పొద్దే పెడతా. నువ్వు మళ్ళీ గెలిస్తే నా బీగం ముట్టనని ఈ కర్పూరం చేత్తో ఆర్పి ఒట్టెయ్యి."

ఆంజినమ్మ ముఖం విప్పారింది. "వెయ్యి, పిల్లోళ్ళు గొంతెండి ఉండారు."

తిమ్మప్ప చేయి చాపాడు. దేవుని ఎదుట అబద్ధమాడని మనిషి ఆయన. చేయి మంట పైనే ఆగిపోయింది. చూస్తుండగానే కర్పూరం కరిగి, దానంతటదే ఆరిపోయింది.

"చూసినావా వదినా," నవ్వాడు ఓబులేసు. "ఆయప్పదీ నాదీ ఒకటే బుద్ధి."

అంతదాకా ఓబులేసునే కోపంగా చూస్తున్న ఆంజినమ్మ మొగుని వైపు తిరిగింది. చాపిన ఆ చేతిలో ఖాళీ బిందె పెట్టింది.