కోచ్ మైకు

"బంతి విసరొద్దు, పట్టుకుని పరిగెత్తండ్రా!" డెబ్బై తొమ్మిదేళ్ల కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ డీట్జ్ హెడ్‌సెట్ మైకులో అరిచాడు. కుర్రాళ్లు బంతి విసిరారు. టచ్‌డౌన్, ఆరు పాయింట్లు! స్టేడియమంతా డీట్జ్ పేరుతో మోగిపోయింది.

అతను మాత్రం ఒకప్పటి శిష్యుడు, ఇప్పటి సహాయకుడు రాయిస్ భుజం పట్టుకున్నాడు. "నా మాటంటే లెక్కలేదట్రా?"

రాయిస్ తల దించుకున్నాడు. "మీ మైకు పోయినేడాదే ఆపేశాం కోచ్. ఇక చాలు, దిగిపొండి అనడానికి ఎవరికీ నోరు రాలేదు."

పోయినేడాది తొమ్మిది ఆటలు గెలిచారు. ముసలాడి బుర్రే బుర్ర అని పేపర్లన్నీ రాశాయి.

డీట్జ్ తన చోటికెళ్లి నిలబడ్డాడు. అవతలి జట్టు తన పెదాలు చదవకుండా, ఎప్పటిలాగే నోటికి అట్ట అడ్డం పెట్టుకుని, "రేపట్నుంచి నేను రాను," అని ఆ మైకులోనే అన్నాడు.

చెవుల్లో రాయిస్ తర్వాతి ఎత్తు చెబుతూనే ఉన్నాడు.