కప్పుల ఫ్యాక్టరీలో కొత్తమ్మాయి

ఇంగ్లండులో స్టోక్ అనే ఊళ్ళో తాము వెళ్తున్న కప్పుల ఫ్యాక్టరీ ఇవాళే మూతపడుతుందని టెస్సాకు కారులో తెలిసింది. డిగ్రీ మధ్యలో ఏడాదిపాటు పని నేర్చుకోవడానికి దివాలా తీసిన కంపెనీల లెక్కలు తేల్చే అకౌంటెంట్ల ఆఫీసులో చేరిన పిల్ల ఆమె. "మధ్యాహ్నం అందరికీ నేనే చెప్తాను. అందాకా నువ్వు నోరు విప్పకూడదు," అన్నాడు కారు నడుపుతున్న వాళ్ళ ఆఫీసు మేనేజరు.

గోదాములో టెస్సా సరుకు చూస్తుంటే, కప్పులకు రంగులద్దే లొరైన్ టీ తెచ్చిచ్చింది.

"కొత్తగా చేరావా తల్లీ? ఇక్కడ చలి చంపేస్తుంది. రేపట్నుంచి మందపాటి స్వెట్టరేసుకో."

టెస్సా కాదనలేక తలూపింది.

"సోమవారం మా అమ్మాయీ చేరుతోంది. సూపర్‌మార్కెట్లో పని ఇవాళ మానేస్తోంది. నీకూ తోడు దొరికినట్టే!"

"ఇవాళేనా? రెండ్రోజులు ఆగమనండి..."

"ఎందుకాగడం?"

గుమ్మంలోంచి మేనేజరు ఇటే చూస్తున్నాడు. "ఊరికే అన్నాను," అంది టెస్సా. టీ కప్పు పక్కన పెట్టేసింది.

మధ్యాహ్నం అందరినీ కప్పులు కాల్చే బట్టీ దగ్గరికి పిలిచి మేనేజరు సంగతి చెప్పాడు. ఎవరో వెళ్ళి రేడియో కట్టేశారు. లొరైన్ కూతురికి ఫోన్ చేసింది. రెండు ముక్కలు విని, "మానేస్తున్నానని అప్పుడే చెప్పేశావా?" అని ఫోన్ జేబులో పెట్టేసుకుంది.

గోడవారన నిలబడ్డ టెస్సాకు ఏడుపు ఆగలేదు. లొరైన్ అది చూసి, జనాన్ని తప్పించుకుంటూ వచ్చి, ఆమెను దగ్గరికి తీసుకుంది.

"ఊరుకో తల్లీ. చేరిన రోజే పని పోయింది, పాపం. చిన్నదానివి, నీకింకోటి దొరుకుతుందిలే."

టెస్సా ఆమె భుజం మీద తలవాల్చి, "ఊఁ" అంది.