చప్పుడు లేని బస్సు

"ఆ కాగితం మీద నేను సంతకం పెట్ట," అన్నాడు ముకుందం, కొట్టు తలుపులు తీస్తూ.

భార్య శారదాదేవి చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా కొత్తగా తిరుగుతున్న కరెంటు బస్సును ఆపొద్దని రాసిన అర్జీ అది. మూడు నెలలు నడిపి చూస్తామన్నారు అధికారులు. జనం సరిగా ఎక్కడం లేదని ఈ నెలాఖరుకు తీసేస్తారట. బజారులో చాలామంది సంతకాలు చేశారు. వర్తక సంఘం అధ్యక్షుడిగా ముకుందం సంతకమే మిగిలింది.

"ఎందుకు పెట్టరు?"

"ఆడపిల్ల బస్సు నడుపుడేంది, మనం ఎక్కుడేంది? ఇన్నేండ్లు డీజిల్ బండ్లు మనల్ని మొయ్యలేదా?"

"మోసినయి. ఆ పొగ మింగే మీకు దగ్గు పట్టుకున్నది. ఒక్కసారి ఎక్కి చూడున్రి. అప్పుడు గూడ వద్దంటే మళ్ల అడగ."

ముకుందం భార్య వైపు చూశాడు. రెండు నెలలుగా ఆమె రోజూ పొద్దున టిఫిను డబ్బా పట్టుకొని ఆ బస్సెక్కుతోంది. మొయినాబాద్ దాకా పోయి, అదే బస్సులో తిరిగొస్తోంది. ఏమీ కొనదు, ఎవరింటికీ పోదు. అడిగితే, "పానం హాయిగుంటది" అంటుంది. కూతుర్ని గడప తొక్కొద్దన్న నాటి నుంచి ఆరేళ్లుగా మూగబోయిన ఆ ఇంట్లో, ఈమధ్యే ఆమె కూనిరాగం వినిపిస్తోంది. అదేమి బస్సో చూడాలని ఆయనకూ ఉంది.

"సరే, పద," అన్నాడు.

బస్సు మంచులో తెల్లగా నిలబడి ఉంది. వెనక తలుపు నుంచి ఎక్కారు. ముందు అద్దాల గది లాంటి దాంట్లో డ్రైవరు వీపు మాత్రం కనిపించింది. ఖాకీ చొక్కా, తలకు చుట్టుకున్న స్కార్ఫు.

ఇద్దరూ కూర్చున్నాక కూడా బస్సు చాలాసేపు కదల్లేదు.

"ఏమైంది?"

"చార్జింగు చూసుకుంటున్నదేమో," అంది శారదాదేవి, కిటికీ వైపు తిరిగి.

తర్వాత ఎప్పుడు కదిలిందో ఆయనకు తెలియలేదు. చెట్లే వెనక్కి నడిచిపోతున్నట్టు అనిపించింది. ఇంజను మోత లేదు, కాళ్ల కింద వణుకు లేదు. మంచులోంచి బంతిపూల మడి ఒకటి పసుపుపచ్చగా తేలి వచ్చి, మళ్లీ మంచులోనే కరిగిపోయింది. ఎక్కడో పిట్ట కూసింది. బస్సులో కూర్చొని పిట్ట కూత వినడం ఆయనకు ఇదే మొదటిసారి.

కళ్లు మూతలు పడ్డాయి. చిన్నప్పుడు షాబాద్ సంత నుంచి ఎడ్లబండిలో, ధాన్యం బస్తాల మీద వెల్లకిలా పడుకొని వచ్చిన రోజులు గుర్తొచ్చాయి. అప్పుడూ ఇట్లాగే ఆకాశం తనతోపాటు వచ్చేది. బండి తోలేది తండ్రి. ఆయన ఉన్నాడు కాబట్టి దారి గురించి ఆలోచనే ఉండేది కాదు.

బస్సు ఆగింది. ఎంకపల్లి అరుణమ్మ పూలగంపతో రోడ్డు అవతలి నుంచి మెల్లగా వస్తోంది. డ్రైవరు హారను కొట్టలేదు. ఆమె దగ్గరికి రాగానే బస్సు ఆమె వైపు కాస్త ఒరిగి, మెట్టును కిందికి దించింది.

"మోకాళ్ల నొప్పులని ఒక్కసారే చెప్పిన, సేటూ," అంది అరుణమ్మ, ముకుందం ముందు సీట్లో కూలబడుతూ. "నాటి సంది ఆ పిల్ల నా కోసం రోజూ ఇట్లనే ఆపుతది. ఈ బస్సు పోతే నేను గంప పక్కకు పెట్టుడే."

కొంతదూరం పోయాక ముకుందం భార్య వైపు చెయ్యి చాచాడు.

"ఆ కాగితమియ్యి."

మోకాలి మీద పెట్టుకొని సంతకం చేశాడు. పేరు కింద సంఘం పేరు కూడా రాశాడు. శారదాదేవి కొంగుతో కళ్లు అద్దుకుంది.

"ఎవలి బిడ్డనో గని," అన్నాడాయన, "తల్లిదండ్రులు మంచిగ పెంచిన్రు."

"ఆ మాట ఆ పిల్లకే చెప్పరాదుండ్రి."

మొయినాబాద్‌లో అందరూ దిగిపోయారు. పూల వాసన మాత్రం మిగిలింది. ముకుందం కమ్మీలు పట్టుకుంటూ ముందుకు నడిచాడు. భార్య వెనకే ఉండిపోయింది. ఆయన అద్దం మీద వేలితో తట్టి, "అమ్మా, జర ఇటు చూడు. సంతకం పెట్టిన. ఇగ నీ బస్సుకు ఫికర్ లేదు," అన్నాడు.

ఖాకీ చొక్కా భుజాలు ఒక్కసారి పైకి లేచి, దిగాయి. డ్రైవరు స్కార్ఫు విప్పి, ఇటు తిరిగింది.

"ఇంటికి రావొచ్చునా, బాపూ?"